ఫాల్స్ ఆఫ్ ది ఒహాయో: లూయివిల్ వెళ్తే ముందు చూడాల్సిన పార్కు

ఫాల్స్ అనే పేరు చూసి జలపాతం కోసం వెళ్తే నిరాశ తప్పదు. ఇక్కడ నీరు పైనుంచి దూకదు. ఒహాయో నది రెండు మైళ్ళకు పైగా దూరంలో, సున్నపురాతి అంచుల మీదుగా, మొత్తం 26 అడుగులు దిగుతుందంతే. ఆనకట్ట కట్టాక ఆ ఉరవడి కూడా చాలావరకు పోయింది. అయినా కెంటకీలోని లూయివిల్‌కు వెళ్ళేవాళ్ళకు మా మొదటి సిఫారసు ఈ పార్కే. ఆ ఊరు సరిగ్గా అక్కడే ఎందుకు వెలిసిందో ఈ పరుపుబండల మీద నిలబడి చూస్తే తెలుస్తుంది.

పార్కు కెంటకీలో లేదు. నది అవతలి ఒడ్డున, ఇండియానా రాష్ట్రంలోని క్లార్క్స్‌విల్‌లో ఉంది. లూయివిల్ డౌన్‌టౌన్ నుంచి కారులో కొద్ది నిమిషాల దారి. ఐ-65 హైవే వంతెనలకు టోల్ ఉంది, బూత్ ఉండదు. నంబర్ ప్లేటు ఫొటో తీసి బిల్లు పంపుతారు. అద్దె కారైతే దాని మీద కంపెనీ రుసుము కూడా పడవచ్చు. పక్కనే ఉన్న సెకండ్ స్ట్రీట్ వంతెన మీదుగా వెళ్తే ఏ టోలూ లేదు.

బయల్దేరే ముందు చూడాల్సింది ఎండా వానా కాదు, నది మట్టం. నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ళు లూయివిల్ దగ్గర నీటి మట్టానికి మెకాల్పైన్ (ఇక్కడి ఆనకట్ట, లాకుల పేరు) ఎగువ, మెకాల్పైన్ దిగువ అని రెండు అంకెలు ఇస్తారు. ఎగువ వరద మట్టం 23 అడుగులు, దిగువది 55. ఒకదాని అంకెను ఇంకోదాని హద్దుతో పోల్చి కంగారు పడేవాళ్ళున్నారు. బండలు ఆనకట్టకు దిగువన ఉన్నాయి కాబట్టి మనకు కావలసింది దిగువ అంకె. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ప్రవాహం తగ్గి, గేట్లు మూసి ఉంటాయి. ఉన్న నీరు కెంటకీ వైపు పడవలు దాటే లాకులకు, జలవిద్యుత్ కేంద్రానికి మళ్ళుతుంది, ఇటువైపు బండలు ఆరతాయి. ఏప్రిల్‌లో వెళ్తే మాత్రం చాలాసార్లు బురదనీరే కనిపిస్తుంది. లూయివిల్‌లో చినుకు పడకపోయినా, ఎగువన ఉన్న సిన్సినాటి నగరం అవతల కురిసిన వాన కొన్ని రోజులకు ఇక్కడ నీరు పెంచుతుంది.

బండలు బయటపడి ఉంటే చూపు తిప్పుకోలేరు. సుమారు 39 కోట్ల ఏళ్ళ నాటి డెవోనియన్ అనే భూగర్భ యుగపు సముద్రం అడుగు అది. 220 ఎకరాల మేర పరుచుకుని ఉంది. కొమ్ము ఆకారపు పగడాలు, తేనెపట్టులా గళ్ళుగళ్ళుగా ఉన్న పగడాలు, స్పాంజీలు రాతిలో అలాగే ఉండిపోయాయి. ఇప్పటిదాకా 600కు పైగా జాతులను ఇక్కడ గుర్తించారు. సీసాలో నీళ్ళు తీసుకెళ్ళి రాతి మీద కొంచెం పోయండి, పొడిగా ఉన్నప్పుడు కలిసిపోయే గీతలు తేటపడతాయి. మిట్టమధ్యాహ్నం కన్నా ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో బాగా కనిపిస్తాయి. ఒక్క ముక్క కూడా ఏరుకోకూడదు, అది చట్టవిరుద్ధం. పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్ళండి.

లోపలి మ్యూజియం 1994లో తెరిచారు, 2016లో ప్రదర్శనలు మార్చారు. ముందు అది చూసి తర్వాత కిందికి దిగితే ఏది ఏ పగడమో పోల్చుకోగలుగుతారు. నది నిండుగా ఉన్న రోజు మాత్రం మ్యూజియం ఒక్కదాని కోసం దూరం నుంచి రావడం అంత లాభం కాదని మా అభిప్రాయం. బండల మీదికి దిగే దారి పెద్దవాళ్ళకు కష్టం, చక్రాల కుర్చీ వెళ్ళదు. వాళ్ళు పైనుంచే చూడాలి. నీడ లేదు. వరద తీశాక మిగిలే బురద, పాచి బాగా జారతాయి. చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి. నీటి పాయలు దాటి అవతలి బండలకు వెళ్ళొద్దు, గేట్లు ఎత్తితే మట్టం పెరుగుతుంది.

ఇప్పుడు నిలబడ్డ చోటు నుంచే ఎదురుగా చూడండి. పిట్స్‌బర్గ్ నుంచి మిసిసిపీలో కలిసేదాకా ఒహాయో పొడవు 981 మైళ్ళు. అంత దారిలో పడవలను నిజంగా ఆపింది ఈ బండలే. నీరు తక్కువగా ఉన్నప్పుడు ఇక్కడ సరుకు దింపి, బళ్ళ మీద దిగువకు చేర్చి, మళ్ళీ ఎక్కించాలి. ఆ ఆగడం వల్లే గోదాములు, సత్రాలు, కూలీలు, చివరికి ఊరు. 1778లో జార్జ్ రోజర్స్ క్లార్క్ తన సేనతో, కొన్ని కుటుంబాలతో ఇక్కడి కార్న్ ద్వీపంలో దిగాడు. 1780లో వర్జీనియా శాసనసభ ఊరికి హోదా ఇచ్చింది, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సాయపడ్డ ఫ్రాన్సు రాజు 16వ లూయీ పేరు నిలిచింది. ఆ ద్వీపం ఇప్పుడు లేదు. చెట్లు కొట్టేసి, సిమెంటు కోసం రాయి తవ్వేశాక నది దాన్ని మింగేసింది. పసిఫిక్ తీరం దాకా సాగిన యాత్ర కోసం 1803 అక్టోబరులో మెరివెదర్ లూయిస్ వచ్చి, జార్జ్ తమ్ముడు విలియం క్లార్క్‌ను కలుసుకున్నది క్లార్క్స్‌విల్‌లోనే. విలియం క్లార్క్‌కు బానిసగా ఉన్న యార్క్ కూడా ఆ యాత్రలో వెళ్ళాడు.

1830లో కాలువ తెరిచాక పడవలు బండలను తప్పించుకుని పోసాగాయి. ధవళేశ్వరం లాకులు చూసినవాళ్ళకు ఆ పద్ధతి వెంటనే బోధపడుతుంది, కొలతలే వేరు: ఇప్పటి మెకాల్పైన్ లాకు 1200 అడుగుల పొడవు, 110 అడుగుల వెడల్పు, పడవను ఎక్కించే ఎత్తు సుమారు 37 అడుగులు. అప్పటికే కాలువ, లాకులు ఉన్నా 1937 జనవరిలో నది వరద మట్టం దాటి ఇంకో 29 అడుగులు ఎక్కింది. నగరంలో దాదాపు 70 శాతం మునిగింది, లక్షా 75 వేల మంది ఇళ్ళు వదిలి వెళ్ళారు. డౌన్‌టౌన్‌లో కనిపించే వరద గోడ ఆ తర్వాత కట్టిందే.

సాయంత్రానికి బెల్ ఆఫ్ లూయివిల్ ఆవిరి పడవ ఎక్కవచ్చు. 1914లో పిట్స్‌బర్గ్‌లో కట్టారు, 1962 వేలంలో జెఫర్సన్ కౌంటీ 34,000 డాలర్లకు కొన్నది. అయితే పడవ తిరిగేది ఆనకట్టకు ఎగువన, బండలు దిగువన ఉన్నాయి కాబట్టి, పడవ మీంచి అవి కనిపిస్తాయని పార్కు మానేయకండి. మర్నాడు మామత్ కేవ్ గుహలకు వెళ్తుంటే టికెట్ వేళ చూసుకోండి: అక్కడ సెంట్రల్ టైమ్, లూయివిల్ కంటే గంట వెనక.