తాళం గట్టిదే, తడబడింది నేనే: పాస్‌వర్డ్ యాప్‌తో ఆరేళ్లు

మన పాస్‌వర్డ్‌లన్నింటినీ ఒక పెట్టెలో దాచి, దానికి ఒక్క పాస్‌వర్డ్‌తో తాళం వేసే యాప్ ఇది. పేరు రాయడం లేదు. నేను తిట్టబోయే గుణమూ, ఆ తరువాత దండం పెట్టబోయే గుణమూ ఈ తరహా మంచి యాప్‌లన్నింటిలోనూ ఒక్కటే. ధర ఎంత, ఎన్ని ఫోన్లలో పనిచేస్తుంది వంటివి ఎక్కడైనా దొరుకుతాయి. నా గొడవ ఒక్కదానితోనే. దీనిలో ‘పాస్‌వర్డ్ మరిచిపోయారా?’ అనే మీట లేదు.

2019 మార్చిలో, చెన్నై వచ్చిన కొత్తలో దీన్ని పెట్టుకున్నాను. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా ఆయన 2013 నుంచి నడుపుతున్న ‘హావ్ ఐ బీన్ పోన్డ్’ సైటులో మన మెయిలు చిరునామా కొడితే, అది ఏయే దొంగతనాల్లో బయటపడిందో చూపిస్తుంది. నాది నాలుగు చోట్ల కనిపించింది. నాలుగు చోట్లా నా పాస్‌వర్డ్ ఒకటే: మా ఊరి పేరు, పుట్టిన సంవత్సరం, చివర ఆశ్చర్యార్థకం. ఆ రోజు ఆశ్చర్యపోయింది నేనే. ఆ వారమే యాప్ పెట్టుకుని, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ‘ఒక్కటి గుర్తుంటే చాలు, మిగతా నూట నలభై అదే చూసుకుంటుంది’ అని గొప్పగా రాశాను. ఇప్పుడు ఆ వాక్యంలోంచి ‘చాలు’ అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ ఒక్కటి ఎలా ఎంచుకున్నానో చెప్పాలి. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ 1995లో డైస్‌వేర్ అనే పద్ధతి పెట్టాడు. పాచికను ఐదుసార్లు వేస్తే 7,776 పదాల జాబితాలో ఒక పదం తగులుతుంది. అలా ఐదారు పదాలు పేర్చుకుంటే పెద్ద పాస్‌వర్డ్ తయారవుతుంది. పదాన్ని మన మనసు కాక పాచిక ఎంచడమే దానిలోని కిటుకు. మన మనసుకు తోచేవి దొంగకూ తోచుతాయి. అయితే ఆ జాబితా ఇంగ్లీషుది, నా నోటికి పట్టలేదు. ఇంట్లో లావుపాటి తెలుగు నిఘంటువు ఉంది, పిల్లల వైకుంఠపాళి పాచిక ఉంది. నాలుగుసార్లు వేస్తే 1,296 పుటల్లో ఒకటి తేలుతుంది, ఐదోసారి వేస్తే ఆ పుటలో ఎన్నో పదమో తేలుతుంది. హకారంతో మొదలయ్యే పదాలన్నీ ఆ పుటలు దాటాక ఉన్నాయి కనుక వాటికి యోగం లేకపోయింది. అసలు పదాలు చెప్పను గాని ఇలాంటివే అనుకోండి: వాకిలి, తాళం, ఎద్దు, చింత, జొన్న. వాకిలికి తాళం వేసి, ఎద్దును చింతకు కట్టి, జొన్నచేలోకి వెళ్తున్నట్టు ఊహించుకున్నాను. ఒక్క పూటలో నోటికి వచ్చేశాయి, నేటికీ మరిచిపోలేదు. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి పెట్టుకున్నాను. తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు కదా అంటారేమో. తెలుగు కీబోర్డు ప్రతి కంప్యూటర్‌లో ఉండదు. పైగా పొల్లు తరువాత మరో అక్షరం విడిగా నిలబడాలంటే మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి వస్తుంది, ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, మరొకటి పెట్టదు. ఆ తిప్పలు వద్దనుకుని తెలివిగా వ్యవహరించానని అప్పట్లో సంబరపడ్డాను.

2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను వచ్చింది. అది తీరం దాటింది బాపట్ల దగ్గరే అయినా, ముందు చెన్నైని ముంచి వెళ్లింది. వేళచ్చేరిలో మా వీధిలో మోకాటి లోతు నీళ్లు, మూడు రోజులు కరెంటు లేదు. కింది అంతస్తు వాళ్ల సామాన్లు మోస్తుంటే జేబులోని ఫోను నీళ్లపాలైంది. బియ్యం డబ్బాలో పెట్టాను. బియ్యం తడిసింది గాని ఫోను బతకలేదు.

వారం తరువాత కొత్త ఫోను కొని యాప్ పెట్టుకుంటే పాస్‌వర్డ్ అడిగింది. వాకిలి, తాళం, ఎద్దు, చింత, జొన్న. తప్పు అంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పే. పాత ఫోనులో పదకొండు నెలలుగా వేలిముద్రతోనే తెరుస్తున్నాను, చేత్తో టైప్ చేసి దాదాపు ఏడాది. ఇంటి ల్యాప్‌టాప్‌లో కూడా అదే పెట్టె అదే తాళంతో ఎదురుగా ఉంది. మెయిలు పాస్‌వర్డ్ పెట్టెలోనే. ఫోను పోతే వాడమని ఇచ్చే అత్యవసర కోడ్‌లను కూడా బుద్ధిమంతుడిలా పెట్టెలోనే దాచాను. తాళంచెవిని బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టయింది.

యాప్ వాళ్లకు మా ఆవిడ మెయిలు నుంచి రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు: మీ పాస్‌వర్డ్ మాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు, కావాలంటే ఖాతా తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. ఆ రాత్రి నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. డబ్బు కట్టే ఖాతాదారుణ్ణి, గుర్తింపు కార్డు చూపిస్తాను, కావాలంటే వాళ్ల ఆఫీసు గుమ్మం ముందు నిలబడతాను, అయినా తెరవలేరట!

తెల్లవారాక కాగితం తీసుకుని లెక్క వేశాను. పదాలు గుర్తున్నాయి, వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాశానో అదే గుర్తు లేదు. వాకిలికి వీ పెట్టానా, డబుల్యూ పెట్టానా? దీర్ఘానికి ఒక ఏ రాశానా, రెండు రాశానా? నాలుగు రకాలు. తాళానికి టీ ఒక్కటేనా, పక్కన హెచ్ ఉందా, ఏ ఒకటా రెండా? అదీ నాలుగు. ఎద్దుకు ముందు వై ఉందా లేదా, రెండు. చింతకు టీ పక్కన హెచ్, మళ్లీ రెండు. జొన్న ఒక్కతే పుణ్యాత్మురాలు, దాన్ని ఒకే విధంగా రాస్తాను. మొత్తం 64. పదాల మధ్య గీత పెట్టానా, ఖాళీ వదిలానా, కలిపేశానా అంటే మూడింతలై 192. మొదటి అక్షరం పెద్దదా చిన్నదా అంటే 384. దొంగకైతే రెండు పక్కన పంతొమ్మిది సున్నాలు దాటే అవకాశాలు, నాకు 384. అయినా కొన్ని తప్పులకొకసారి కాసేపు ఆగమంటుంది. ముప్పై దాటేసరికి ఏది కొట్టానో ఏది కొట్టలేదో తెలియకుండా పోయింది.

అప్పుడు నెల్లూరులో ఉన్న చెల్లెలు గుర్తొచ్చింది. తనకు మెసేజ్‌లన్నీ నేను ఇంగ్లీషు అక్షరాల తెలుగులోనే రాస్తాను, తను ఏదీ చెరపదు. మా ఆవిడ ఫోను నుంచి చేశాను.

“2019 మార్చిలో నేను నీకు రాసినవి తీసి, ‘తాత’ ఎలా రాశానో చదువు.”

“అన్నయ్యా, ఒంట్లో బాగానే ఉందా?”

చదివింది. తాతకు హెచ్ లేదు. ఎప్పుడు, ఎక్కడ అన్నవాటికి ముందు వై లేదు. దీర్ఘాలకు ఎక్కడా రెండో ఏ లేదు. “ఇప్పుడైతే హెచ్‌లు తెగ పెడుతున్నావు, మొన్న తమ్ముడికి కూడా పెట్టావు” అని తనే అంది. నిజమే. తమిళులు త అక్షరానికి టీ పక్కన హెచ్ రాస్తారు. తిరుపతి బోర్డు మీద లేని హెచ్ తిరువాన్మియూర్ బోర్డు మీద ఉంది. రోజూ ఆ బోర్డుల కింద నుంచి ఆఫీసుకు వెళ్లి వెళ్లి, నాలుగున్నరేళ్లలో నాకు తెలియకుండానే నా చేతి రాత మారిపోయింది. చెన్నైవాడినైన నేను, నెల్లూరు నుంచి వచ్చిన నా పాస్‌వర్డ్‌ను వెతుకుతున్నానన్నమాట.

హెచ్‌లు, వైలు, రెండో ఏలు పోతే 384లో మిగిలినవి పన్నెండు. తొమ్మిదోది తెరుచుకుంది. అది వీయో డబుల్యూయో మాత్రం అడగకండి.

ఆ మీట లేకపోవడం గురించి ఇప్పుడు చల్లబడి ఆలోచిస్తే కోపం సగమే మిగిలింది. పెట్టెను తెరిచే తాళంచెవి మన పాస్‌వర్డ్ నుంచి మన ఫోనులోనే తయారవుతుంది. వాళ్ల దగ్గర ఉండేది తాళం వేసిన పెట్టె మాత్రమే. నా కోసం తెరవగలిగిన కంపెనీ, నేనని నమ్మించిన మరొకరి కోసం కూడా తెరవగలదు. 2022లో ఈ తరహా కంపెనీ ఒకదాని నుంచి ఖాతాదారుల పెట్టెల ప్రతులే దొంగల చేతికి చిక్కాయి. అలాంటి రోజున కాపాడేది ఆ ఐదు పదాలే. మిగిలిన సగం కోపం ఎందుకంటే, పదకొండు నెలలు వేలిముద్రతో తెరుస్తుంటే ‘ఒకసారి చేత్తో కొట్టి చూడండి’ అని యాప్ ఒక్కసారైనా గుర్తు చేయలేదు. అమరికల్లో ఎక్కడో ఉందట. ఉంటే మొదటి రోజే కనిపించాలి.

ఊహించని మేలు కూడా ఒకటి జరిగింది. ‘ఈ రాత్రికి కరెంటు తీసేస్తాం’ అని ఈబీ (ఇక్కడి విద్యుత్ బోర్డు) పేరుతో వచ్చిన మెసేజ్‌లోని లింకు నొక్కాను. చూడటానికి అంతా బిల్లు కట్టే పేజీలాగే ఉంది. యాప్ మాత్రం పాస్‌వర్డ్ నింపకుండా కదలకుండా కూర్చుంది. యాప్ పాడైందని విసుక్కుంటూ పైన చిరునామా చూశాను. ఈబీది కాదు. పేజీ ముస్తాబుకు నేను పడిపోయాను, అది చిరునామా మాత్రమే చూస్తుంది కనుక పడలేదు. అయితే ఈ రక్షణ పూర్తిది కాదు. మా బ్యాంకు సైటు పాస్‌వర్డ్‌ను అతికించడాన్నే (పేస్ట్ చేయడాన్నే) ఒప్పుకోదు, చూసి చేత్తో కొట్టాల్సిందే. మూడు నెలలకోసారి మార్చమని కూడా సతాయిస్తుంది. కారణం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. ఆ కబురు మా బ్యాంకుదాకా ఇంకా రాలేదు.

అందరూ పెట్టుకోవాలా అంటే చెప్పలేను. నాకు నూట నలభై ఖాతాలు, రోజూ ల్యాప్‌టాప్ ముందే పని, ఏమీ చెరపని చెల్లెలు ఉన్నారు. ఈ మూడోది లేనివాళ్ల సంగతి నాకు తెలియదు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఒకసారి చేత్తో టైప్ చేస్తున్నాను. అత్యవసర కోడ్‌లు పెట్టె బయటికి వచ్చాయి.

నాన్నకు మాత్రం పెట్టలేదు. ఆయనకున్నవి ఆరు ఖాతాలు, బీరువాలో పాత డైరీ. పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి భద్రంగా దాచుకోవడం తప్పు కాదని భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నయర్ 2005లోనే అన్నాడు. నాన్న ఆయన పేరు కూడా విని ఉండరు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ డైరీ చూశాను. ప్రతి అక్షరం పేరునూ తెలుగులో రాసుకున్నారు: ‘పెద్ద ఆర్, చిన్న ఏ, చిన్న ఎం, సున్నా, ఓ కాదు’. చెన్నై తిరిగి వచ్చాక నా ఐదు పదాలనూ అలాగే ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి చెల్లెలికి పంపాను. టీ దగ్గర బ్రాకెట్లో ‘హెచ్ లేదు’ అని రాశాను.