ఫ్రాన్స్ పసుపు రైలు: రైలు మోసం చెయ్యలేదు, గది చేసింది

గది బుకింగ్ పేజీలో "స్టేషన్ నుంచి 1.1 కి.మీ." అని రాసి ఉన్న ఒక్క ముక్కని నమ్మాను. నెలన్నర కూర్చుని వేసుకున్న ప్లాన్‌కి మొదటి రాత్రే దెబ్బ పడింది, అందుకే ఇదంతా రాస్తున్నా, రైళ్ళంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఇంకెవరైనా ఫ్రాన్స్‌లో ఆ వైపు వెళ్తే మాలాగా రాత్రిపూట సూట్‌కేసులతో నిలబడకుండా ఉంటారని.

వెళ్ళింది ముగ్గురం. నేను, మా ఆవిడ, మా మామగారు. మామయ్య కాజీపేటలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు 68. మా మరదలు వాళ్ళు తులూజ్‌లో ఉంటారు, ఎయిర్‌బస్ ఉన్న ఊరు కాబట్టి అక్కడ మన తెలుగువాళ్ళు బాగానే కనిపిస్తారు. పారిస్‌లో మామయ్యకి ఈఫిల్ టవర్ చూపిస్తే "మంచిగుంది" అని ఊరుకున్నారు, టీజీవీ అనే హైస్పీడ్ రైలు ఎక్కిస్తే "గింత స్పీడ్‌ల కిటికీలకెళ్ళి ఏం కనవడ్తది అల్లుడా" అన్నారు. ఆ మాటతోనే ఫిక్సయ్యా, ఈయనకి చూపించాల్సింది చిన్న లైన్లు, టీఈఆర్ అని పిలిచే ప్రాంతీయ రైళ్ళు అని.

ఏ లైన్ అన్నది తేల్చుకోడానికే పది రోజులు పట్టింది. క్లెర్మోన్ ఫెరాన్ నుంచి నీమ్ దాకా 303 కిలోమీటర్ల సెవెన్ (Cévennes) కొండల లైన్ ఒకటి, అల్యే నది లోయ వెంబడి సొరంగాల మీద సొరంగాలు. ఇంకోటి గరబీ వంతెన మీదుగా వెళ్ళేది, ఈఫిల్ కంపెనీ 1884లో పూర్తి చేసిన ఇనప ఆర్చ్, 165 మీటర్ల స్పాన్, కాకపోతే రైల్లో కూర్చుంటే కాళ్ళ కింద ఉన్న వంతెన మనకి కనపడదు కదా, అది కిందనుంచి చూడాల్సింది. షమోనీ వైపు మీటర్ గేజ్ లైన్ (పట్టాల మధ్య ఒక్క మీటరే) కూడా చూశా, పళ్ళ చక్రం లేకుండానే వెయ్యి మీటర్లకి 90 మీటర్లు ఎక్కుతుంది. చివరికి పసుపు రైలు దగ్గర ఆగాం. పిరెనీ కొండల్లో లాటూర్ ద కరోల్ నుంచి విల్‌ఫ్రాంష్ దాకా 63 కిలోమీటర్లు, మీటర్ గేజ్, పైన వైర్ ఉండదు, పట్టాల పక్కన కరెంటు కోసం వేసిన మూడో పట్టాలో, అంటే థర్డ్ రైల్‌లో 850 వోల్టులు. వాలు వెయ్యికి 60 అంటే మన లెక్కలో 1 ఇన్ 17 అని చెప్పగానే మామయ్య కుర్చీలోంచి లేచారు, ముంబై, పుణె మధ్య భోర్ ఘాట్‌లో 1 ఇన్ 37కే వెనకనుంచి బ్యాంకర్ ఇంజన్లు తోస్తాయి మరి.

ప్లాన్ వేసుకునేవాళ్ళకి పనికొచ్చేవి కొన్ని ఇక్కడే చెప్పేస్తా. చాలా టీఈఆర్‌లకి టీజీవీలాగా రోజురోజుకీ రేటు పెరగదు, సీటు రిజర్వేషన్ ఉండదు, కాబట్టి ముందుగా కొనేసి ఆ టైముకి కట్టుబడక్కర్లేదు. ఒక్కో ప్రాంతం తన రైళ్ళకీ బస్సులకీ వేరే పేరు పెట్టుకుంది, ఈ వైపు లియో, నీస్ వైపు జూ, బ్రిటనీలో బ్రేజ్‌గో, నార్మండీలో నోమాడ్, ఆ పేరుతో వెతికితేనే ఆ లైన్ టైంటేబుల్ కాగితం దొరుకుతుంది. యాప్‌లో రైలు టైములు చూసి మురిసిపోకండి, వరసలో ఉన్న బొమ్మ రైలుదా బస్సుదా అని కళ్ళు పెట్టి చూడాలి, చాలా లైన్లలో రోజులో కొన్ని సర్వీసులు బస్సులే, టికెట్ అదే, రేటు అదే, నేను మొదట రాసుకున్న ప్లాన్‌లో అలాంటివి రెండు బస్సులు దూరాయి. ఆదివారం టైంటేబుల్ పూర్తిగా వేరు. సమ్మె ఉంటే ఏ రైళ్ళు నడుస్తాయన్నది ముందు రోజు సాయంత్రం 5 గంటలకి తేలుతుంది, అప్పటిదాకా కంగారుపడి ఉపయోగం లేదు.

సెప్టెంబర్ మొదటివారం, శుక్రవారం. తులూజ్‌లో మధ్యాహ్నం ఎక్కాం, ఫ్వా అనే ఊరు దాటాక లోయ ఇరుకవుతూ పోతుంది. ఎక్కడానికి చోటు చాలక ఒక చోట రైలు కొండ లోపల సొరంగంలో గుండ్రంగా చుట్టు తిరిగి, వచ్చిన దారికంటే పైన బయటపడుతుంది, మామయ్య ఫోన్‌లో కంపాస్ పెట్టుకుని ముల్లు మొత్తం తిరగడం చూశారు, పక్క సీటు వాళ్ళక్కూడా చూపించారు. ఆ తర్వాత ప్యూమొరెన్స్ సొరంగం, 5 కిలోమీటర్ల పైచిలుకు. సాయంత్రం ఆరు దాటాక లాటూర్‌లో దిగాం.

లాటూర్ స్టేషన్ గురించి రైలు మీద ప్రేమున్నవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. ఊరు చిన్నది, స్టేషన్ పెద్దది, కొండల మధ్యలో మూడు గేజ్‌లు ఒకే చోట కలుస్తాయి. ఫ్రెంచి స్టాండర్డ్ గేజ్ 1435 మిల్లీమీటర్లు, బార్సిలోనా నుంచి వచ్చే స్పెయిన్ బ్రాడ్ గేజ్ 1668, పసుపు రైలు మీటర్ గేజ్ 1000. పారిస్ నుంచి రాత్రి రైలు కూడా ఇక్కడిదాకా వస్తుంది. మామయ్య ఒక్కో ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచి చూసొచ్చారు, "సికింద్రాబాద్‌ల బ్రాడ్ గేజ్, మీటర్ గేజ్ పక్కపక్కన ఉన్నప్పుడు చూసిన, మూడు మాత్రం ఇయ్యాలనే చూస్తున్న" అని. ముప్పావు గంట అక్కడే గడిచిపోయింది. మా ఆవిడ బెంచీ మీద కూర్చుని "పొద్దుపోతోంది, గది ఎక్కడ" అని రెండుసార్లు అడిగింది.

గది. బుకింగ్‌లో రాసింది "పసుపు రైలు స్టేషన్‌కి 1.1 కి.మీ." అని. ఆ స్టేషన్ లాటూర్ కాదని నాకు తెలుసు, లైన్ మీద మధ్యలో ఉన్న చిన్న హాల్ట్, కానీ సాయంత్రం ఒక రైలు ఉంటుందిలే అనుకున్నా, నేను చూసింది జులై టైంటేబుల్, సెప్టెంబర్‌ది కాదు. తప్పు నాదే, ఆ ముక్క ఒప్పుకుంటా. ఆ రోజుకి పసుపు రైలు ఇంక లేదు. టాక్సీ కోసం నాలుగు నంబర్లకి ఫోన్ చేస్తే ఒక్కాయన వచ్చాడు, గంట తర్వాత. 46 యూరోలు.

టాక్సీలో వెళ్తుంటే అసలు సంగతి బయటపడింది. హాల్ట్ దాటాక కారు ఒక వాగు చుట్టూ మెలికలు తిరుగుతూ ఎక్కుతూనే ఉంది, మీటర్‌లో చూస్తే హాల్ట్ నుంచి ఇంటికి 4.3 కిలోమీటర్లు. 1.1 అన్నది మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిచిన దూరం, మధ్యలో లోయ ఉంది, పక్షికైతే సరిపోతుంది. రైల్లో వస్తున్నాం, పెద్దాయన ఉన్నారు, నడవగలిగే దూరమేనా అని బుక్ చేసేటప్పుడే నేను మెసేజ్ పెట్టా, "ఏ సమస్యా లేదు" అని జవాబు వచ్చింది, ఆ మెసేజ్ ఇప్పటికీ నా దగ్గరుంది.

వెళ్ళేసరికి తలుపు తాళం. రిసెప్షన్ ఏడింటికి మూసేస్తారట. ఫోన్ చేస్తే విసుక్కుంటూ ఒక కోడ్ చెప్పింది ఓనరమ్మ, గోడకున్న చిన్న డబ్బాలో తాళంచెవి. గదిలో మూడు మంచాలు, మూడు పరుపులు, వాటి మీద ఏమీ లేవు. మళ్ళీ ఫోన్. దుప్పట్లు, పక్కబట్టలు మనిషికి 9 యూరోలు అదనం, డబ్బు డబ్బాలో వేసి అలమారాలోంచి తీసుకోండి అంది. 27 యూరోలు. తువ్వాళ్ళు వేరే, అవి వద్దనుకున్నాం. గది అద్దె అప్పటికే 84 కట్టేశాం. హీటర్ వెయ్యమంటే అక్టోబర్ నుంచే వేస్తామంది, అక్కడ ఎత్తు 1,300 మీటర్ల పైన, రాత్రికి బాగా చలి. మామయ్య స్వెటర్ మీద రెయిన్‌కోట్ వేసుకుని పడుకున్నారు, ఒక్క మాట అనలేదు, ఆయన ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది. మరదలు కట్టిచ్చిన పులిహోర ఉండబట్టి సరిపోయింది గానీ ఆ ఊళ్ళో తినడానికి ఒక్క చోటు లేదు. మా ఆవిడ పులిహోర తిన్నంతసేపూ గోడ వైపే చూసింది.

పొద్దున ఓనరమ్మ వచ్చింది. హాల్ట్ దాకా దింపుతారా అంటే అది మా పని కాదంది. దూరం తప్పు రాశారు కదా అంటే "మ్యాప్‌లో అంతే ఉంది" అంది, మెసేజ్ చూపిస్తే కళ్ళజోడు లేదంది. మళ్ళీ అదే టాక్సీ, హాల్ట్ దాకా 22. లాటూర్‌కే తీసుకెళ్ళి మొదటి నుంచి ఎక్కుదామని నా ఆశ, ఇంకో 46 అనేసరికి మామయ్య వద్దే వద్దన్నారు. అలా 63 కిలోమీటర్లలో మొదటి పదిహేను దాకా పోయాయి. డబ్బు పోయినందుకంటే దీనికే నాకు ఇప్పటికీ మండుతుంది, ఒక లైన్‌ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎక్కాలని అంతదూరం వెళ్ళి ముక్క వదిలేసి రావడం ఎలా ఉంటుందో రైళ్ళు ప్రేమించేవాళ్ళకే తెలుస్తుంది.

హాల్ట్ అంటే ఒక షెడ్డు, ఒక బోర్డు. ఇలాంటి చోట్ల మనం చెయ్యి చూపిస్తేనే రైలు ఆగుతుంది, దిగాలన్నా లోపల సిబ్బందికి ముందే చెప్పాలి. రైలు మలుపు తిరిగి కనపడగానే మామయ్య బ్యాగు కింద పెట్టి, నిటారుగా నిలబడి, చెయ్యి పక్కకి చాపారు, స్టేషన్ దాటేటప్పుడు ఆల్‌రైట్ సిగ్నల్ మార్చుకోడానికి పచ్చజెండా పట్టుకునే భంగిమ అది, ఖాళీ చేత్తో. డ్రైవర్ హారన్ కొట్టి ఆపాడు. ఎక్కాక చూస్తే మా ఆవిడ నవ్వుతోంది, రాత్రి నుంచి అదే మొదటిసారి.

పసుపు మీద ఎర్ర గీతలు, కటలాన్ జెండా రంగులు. మోటారు బోగీలు 1908 ప్రాంతం నాటివి, ఇప్పటికీ రోజూ నడుస్తున్నాయి, వాటి పక్కన 2004 ప్రాంతంలో వచ్చిన కొత్తవి రెండు సెట్లు కూడా ఉన్నాయి కానీ మీరు పాతది దొరికేలా చూసుకోండి. ఎండాకాలంలో పైకప్పు లేని బోగీ తగిలిస్తారు, అందులోనే కూర్చున్నాం. ఒదేయో దగ్గర కొండ పక్కన పెద్ద అద్దం గోడ కనిపిస్తుంది, అది సూర్యరశ్మితో నడిచే కొలిమి. బోల్కేర్ స్టేషన్ 1,593 మీటర్లు, ఫ్రాన్స్ రైల్వే సంస్థ ఎస్‌ఎన్‌సీఎఫ్‌లో అన్నిటికంటే ఎత్తైనది. అక్కడ ఎదురు రైలు కోసం ఆగితే మామయ్య దిగి ముందుకెళ్ళారు. డ్రైవర్‌కి ఫ్రెంచి తప్ప రాదు, ఈయనకి తెలుగు, హిందీ, డ్యూటీ ఇంగ్లీషు. తన పాత ఐడీ కార్డు ఫోటో చూపించారు, అతను చెయ్యి కలిపి, కిందకి వంగి, బోగీ పక్కన థర్డ్ రైల్ మీద జారే షూని వేలితో చూపించాడు, తర్వాత రెండు అరచేతులూ రుద్ది మంచు అన్నట్టు సైగ చేశాడు. మామయ్య వెనక్కొచ్చి "మంచు పడితే షూ కాంటాక్ట్ తప్పుతదంట, పట్టాల మీద మంచు ముందుగాల్ల తీసుడే పని" అని మొత్తం వివరించారు. ఈ లైన్‌కి కరెంటేమో, పైన కొండల్లో బూయూజ్ అనే డ్యాం కట్టి నీళ్ళ నుంచి తెచ్చుకున్నారు, ఈ రైలు కోసమే మొదలుపెట్టిన డ్యాం.

మోన్ లూయి దాటాక జిస్‌క్లార్ వంతెన, తీగలకి వేలాడే రైలు వంతెన, ఫ్రాన్స్‌లో ఇంకా వాడుకలో ఉన్నది ఇదొక్కటే. కట్టిన ఇంజనీరు జిస్‌క్లార్ 1909 అక్టోబర్ 31న ట్రయల్ రైలు అదుపు తప్పి అందులోనే చనిపోయాడు, లైన్ మరుసటి ఏడాది మొదలైంది. ఇది చెప్పాక మామయ్య టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు, వంతెన అయ్యాకే మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత సెజూర్నే రాతి వంతెన, రెండంతస్తులు, ఫోటో తీసేవాళ్ళు చివరి బోగీలో ఉండండి.

విల్‌ఫ్రాంష్‌లో కోటగోడల లోపల గది, స్టేషన్ నుంచి పది నిమిషాలు, 96 యూరోలు, దుప్పట్లతో సహా, ఏ గొడవా లేదు.

రాత్రి భోజనం మాత్రం చెప్పాలి. శనివారం, మామయ్య ఒక్కపొద్దు, గుడ్డు కూడా ముట్టరు. ఒక చిన్న హోటల్లో తోడల్లుడికి ఫోన్ చేసి ఫ్రెంచిలో చెప్పిస్తే వంటమ్మ స్వయంగా బయటికొచ్చి విని, తలూపి, ఇరవై నిమిషాల్లో ఒక పళ్ళెం తెచ్చిపెట్టింది. ఎస్కలివాదా అంటారట, నిప్పుల మీద కాల్చి పొట్టు తీసిన వంకాయ, ఎర్ర క్యాప్సికం, ఉల్లిపాయ, పైన ఆలివ్ నూనె, పొగ వాసన ఇంకా పోలేదు. మామయ్య మొదటి ముద్ద తిని "బిడ్డా, ఇది కాల్చిన వంకాయ పచ్చడే, మిరపకాయ ఒక్కటే తక్కువ" అని మా ఆవిడ సంచిలోంచి కారప్పొడి తీయించారు. రెండు రోజుల్లో ఆయన కడుపునిండా తిన్నది అదే. 14 యూరోలు. వంటమ్మ ఆ కారప్పొడి రుచి చూసి కొంచెం కాగితంలో కట్టించుకుంది.

ఆదివారం పెర్పిన్యాన్, అక్కణ్ణుంచి నార్బోన్‌లో మారి తులూజ్. రైళ్ళన్నీ టైముకే.

మూడు రోజుల రైళ్ళకి మనిషికి 100 లోపే అయింది. ఆ ఒక్క రాత్రికి గది, పక్కబట్టలు, టాక్సీలు కలిపి 179. మీరు వెళ్తే లాటూర్‌లోనే, లేకపోతే విల్‌ఫ్రాంష్‌లోనే పడుకోండి, మధ్యలో కావాలంటే ఇంటి నుంచి స్టేషన్‌కి నడక దారి మ్యాప్‌లో వేసి చూసి, మీరు వెళ్ళే నెల టైంటేబుల్లో ఆ హాల్ట్‌కి చివరి రైలు ఎప్పుడో చూశాకే డబ్బు కట్టండి. నేను బుకింగ్ వాళ్ళకి మెసేజ్, టాక్సీ రసీదులు అన్నీ పంపా. గది డబ్బు వెనక్కి ఇవ్వలేమన్నారు, పక్కబట్టల 27 మాత్రం పదకొండో రోజు వెనక్కి వేశారు. ఆ పేజీలో 1.1 కి.మీ. అని ఇంకా అలాగే ఉంది, నిన్న కూడా చూశా.