కాలనీ సంఘానికి ఏ తలుపు తెరుచుకుంటుంది? హైదరాబాద్‌లో పౌర సేవలపై సమీక్ష

హైదరాబాద్‌లో కాలనీ వెల్ఫేర్ అసోసియేషన్ నడిపేవాళ్ల ముందు దారులు చాలానే ఉన్నాయి. మై జీహెచ్‌ఎంసీ యాప్, సోమవారం ప్రజావాణి, హైడ్రా, సమాచార హక్కు (ఆర్టీఐ), భవన అనుమతుల పోర్టల్, మాస్టర్ ప్లాన్ మార్పులపై అభ్యంతరాలు. గుంత పూడ్పించడానికి పనికొచ్చే దారి పార్కు నిలబెట్టుకోవడానికి పనికిరాదు. చాలా సంఘాలు ఏళ్ల తరబడి తిరిగినా పని కాకపోవడానికి కారణం ఓపిక తక్కువై కాదు, తప్పు కౌంటర్ దగ్గర నిలబడటమే. ఈ సేవలన్నింటిలో మేం మొదటి స్థానం ఇచ్చేది పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తుకు. ఎందుకో కింద చూడండి.

యాప్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. వీధి దీపం, చెత్త, గుంత, దోమల మందు లాంటివాటికి యాప్ గానీ 040-21111111 నంబరు గానీ బాగానే పనికొస్తాయి. ఒక ఫిర్యాదులో ఒకే సమస్య రాయండి. రెండు విభాగాల పని కలిపి రాస్తే మొదటి విభాగం తన వంతు చూసి ఫిర్యాదు మూసేస్తుంది, రెండోది గాలికి పోతుంది. డ్రైనేజీ పొంగినా, నీళ్లు కలుషితమైనా అది వాటర్ బోర్డు పని, నంబరు 155313. అక్రమ కట్టడం, పార్కు కబ్జా మాత్రం యాప్‌లో పెట్టి ఊరుకోవద్దు. ఫోటో చూసి తేల్చే విషయాలు కావవి. రికార్డు చూడాలి, ఆ రికార్డు మీరే చూపించాలి.

సోమవారం ప్రజావాణి అంతకంటే మెరుగు, అర్జీ సరిగా ఉంటేనే. ఒక పేజీ, ఒకే విషయం. మొదటి పేరాలోనే సర్వే నంబరు, లేఔట్ నంబరు, ప్లాట్ నంబరు ఉండాలి. జత చేసే కాగితాలకు వరుస సంఖ్యలు వేయండి, అర్జీలో "జత 3 చూడండి" అని రాయండి. చివర అడిగేది స్పష్టంగా ఉండాలి. "తగు చర్య తీసుకోగలరు" అంటే అధికారి ఏ చర్య తీసుకున్నా అది సరిపోయినట్టే. "ఫలానా స్థలాన్ని సర్వే చేయించి, హద్దురాళ్లు వేయించి, నివేదిక కాపీ మాకు ఇప్పించండి" అని రాస్తే చేసిందీ చేయనిదీ తర్వాత తేల్చొచ్చు. ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర ఉన్న కాపీ చేతికి రాకుండా బయటికి రావద్దు. వార్డుల, సర్కిళ్ల సరిహద్దులు మారాయి కాబట్టి అర్జీ ఏ కార్యాలయం పేరు మీద వేయాలో ముందే కనుక్కోండి. పాత చిరునామాకు వెళ్లిన కాగితం బదిలీ కావడానికే వారాలు పడుతుంది.

చెరువు, నాలా, పార్కు, ప్రభుత్వ స్థలం ఔటర్ రింగ్ రోడ్డు లోపల ఉంటే, చెరువులు, ప్రభుత్వ స్థలాల కబ్జాలు అడ్డుకోవడానికి 2024 జూలైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా కూడా సోమవారాల్లో బుద్ధభవన్‌లో ఫిర్యాదులు తీసుకుంటోంది. ఇక్కడికి వెళ్లేముందు కొలతలు తెలుసుకోండి. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన విస్తీర్ణమున్న చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువైనా కుంటైనా 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కన్నా వెడల్పైన నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్ మ్యాపు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైటులో దొరుకుతుంది. అది ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా అన్నది తప్పక చూడండి. ప్రాథమికం మాత్రమే అయితే అవతలివాళ్లు హద్దునే సవాలు చేస్తారు, మీ ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది.

ఇక ఆర్టీఐ. రుసుము పది రూపాయలు, కాపీలకు ఎ4 పేజీకి రెండు రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. ఈ చట్టం కింద హక్కు పౌరుడిది, కాబట్టి సంఘం పేరు మీద కాకుండా సెక్రటరీ తన సొంత పేరు మీద వేస్తే తిరస్కరించే సాకు ఉండదు. "ఎందుకు చర్య తీసుకోలేదు" అని అడగొద్దు. చట్టం ఇప్పించేది రికార్డుల్లో ఉన్న సమాచారం, సంజాయిషీ కాదు. "ఫలానా ఇన్‌వర్డ్ నంబరు అర్జీ మీద కదిలిన ఫైలు నోట్ షీట్ల కాపీలు ఇవ్వండి" అని అడగండి. నోట్ షీటంటే ఫైలులో అధికారులు తమ మాట రాసి సంతకం పెట్టే కాగితం. నోట్ షీటు చేతికొస్తే ఎవరి బల్ల మీద ఎన్ని రోజులు ఉందో తేదీలతో సహా తెలిసిపోతుంది. ఇంకా మంచి మార్గం ఫైలు పరిశీలన. "సెక్షన్ 2(జె) కింద ఫైలు పరిశీలించడానికి తేదీ, సమయం ఇవ్వండి" అని రాస్తే ఆఫీసులో కూర్చుని మొత్తం ఫైలు తిరగేసి, కావలసిన పేజీలకే డబ్బు కట్టొచ్చు. మొదటి గంటకు రుసుము లేదు. ఏ కాగితం అడగాలో తెలియనప్పుడు ఇదొక్కటే దారి.

జవాబు రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, దాని మీదా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఈ సేవలో బలహీనత ఈ రెండో అప్పీలే. తెలంగాణ కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లు లేకుండా ఉండిపోయింది, కేసులు గుట్టలు పడ్డాయి. అందుకే దరఖాస్తును చిన్నగా, ఒకే ఫైలుకు పరిమితం చేసి, మొదటి అప్పీలులోపే పని అయ్యేలా రాసుకోవాలి.

పార్కు విషయానికి వస్తే, ఇది కాస్త వివరంగా చెప్పాలి. అనుమతి ఉన్న లేఔట్‌లో ఖాళీ స్థలం, రోడ్లు గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు వెళ్తాయి. ఆ డీడ్ నంబరు, రిజిస్టరైన సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం పేరు సంఘం దగ్గర రాసి ఉంటే సగం పని అయినట్టే. చిక్కు వచ్చేది పాత గ్రామ పంచాయతీ లేఔట్లలో. ప్లాట్లు అమ్మినప్పుడు నక్షలో పార్కు చూపించారు, గిఫ్ట్ డీడ్ మాత్రం చేయలేదు. రెవెన్యూ రికార్డులో పట్టాదారు పేరే మిగిలిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆయన వారసులు దాన్ని ప్లాట్లు చేసి అమ్ముతారు, కొన్నవాళ్లు రాత్రికి రాత్రి ప్రహరీ కడతారు. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఔట్ల క్రమబద్ధీకరణ పథకం) రుసుము కట్టాం కదా అని ధీమాగా ఉండొద్దు. ఎల్‌ఆర్‌ఎస్ మీ ప్లాటును క్రమబద్ధం చేస్తుంది, పార్కు యాజమాన్యం తేల్చదు. 2020 స్కీములో ప్లాటు విలువ మీద 14 శాతం వసూలు పెట్టిందే లేఔట్‌లో చట్టప్రకారం ఖాళీ స్థలం వదలనందుకు.

గిఫ్ట్ డీడ్ లేనప్పుడు ఆదుకునేది పార్కు చుట్టూ ఉన్న ప్లాట్ల సేల్ డీడ్లు. ఒక్కో డీడు చివరి షెడ్యూల్‌లో నాలుగు హద్దులు రాసి ఉంటాయి. పార్కుకు దక్షిణాన ఉన్న ప్లాటు డీడులో "ఉత్తరం: పార్కు" అనో, "ఓపెన్ ప్లేస్" అనో ఉంటుంది. తూర్పు ప్లాటులో "పడమర: పార్కు". నాలుగు వైపుల నుంచీ ఒక్కోటి, వీలైతే లేఔట్ వేసిన మొదటి సంవత్సరంలో రిజిస్టరైనవి తీసుకుని సర్టిఫైడ్ కాపీలు పెట్టుకోండి. ఆ డీడ్లు రాసిచ్చింది ఆ పట్టాదారే కాబట్టి, అది పార్కని ఆయనే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టు. వాటితో పాటు అమ్మకం నాటి నక్ష, పాత బోరు కరెంటు బిల్లు, మున్సిపాలిటీ ఎప్పుడైనా మొక్కలకో కంచెకో ఖర్చు పెట్టి ఉంటే ఆ ఎస్టిమేట్ కాపీ. ఇవన్నీ జతచేసి ఆ స్థలాన్ని రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఎ కింది నిషేధిత ఆస్తుల జాబితాలో పెట్టమని జిల్లా కలెక్టరుకు రాయాలి. జాబితాలోకి ఎక్కితే రిజిస్ట్రేషన్ ఆగుతుంది. ప్రహరీ లేచాక పోరాడటం కన్నా ఇది ఎన్నో రెట్లు సులువు. కోర్టు దాకా వెళ్తే 1991లో సుప్రీంకోర్టు తేల్చిన బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు మీ వకీలుకు గుర్తుచేయండి. పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని, దాన్ని అడ్డుకునే హక్కు అక్కడి నివాసులకు ఉందని ఆ తీర్పు చెప్పింది.

ఇదంతా చేసే సంఘం తన కాగితాలు కూడా సరిచూసుకోవాలి. సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు, రిజిస్ట్రేషన్ అవుతుంది. తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, కొత్త కమిటీ జాబితాను జిల్లా రిజిస్ట్రార్‌కు పంపడమే చాలామంది వదిలేసే పని. కేసు వేసిన రోజు అవతలి వకీలు మొదట అడిగేది పార్కు గురించి కాదు, "మీకు ఈ కేసు వేసే అధికారం ఎవరిచ్చారు" అని. తీర్మానం పుస్తకంలో ఆ విషయం, తేదీ, హాజరైనవారి సంతకాలు ఉండాలి.

భవన అనుమతుల పోర్టల్‌కు మా మార్కు మధ్యస్థం. 2020లో టీఎస్-బీపాస్‌గా మొదలైంది, ఇప్పుడు బిల్డ్‌నౌ వచ్చింది. బీపాస్ చట్టం పెట్టిన పద్ధతిలో 75 గజాల వరకు అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల వరకు, పది మీటర్ల ఎత్తు లోపల అయితే సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి. అది దాటితే 21 రోజుల సింగిల్ విండో. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇది నిజంగా మేలు. పక్కింటివాళ్లకు మాత్రం ముందుగా తెలిసే అవకాశం పోయింది, ఎందుకంటే అనుమతి ముందు వస్తుంది, తనిఖీ తర్వాత జరుగుతుంది. కాబట్టి కాలనీలో పునాది తవ్వకం మొదలైన వారంలోనే అనుమతి నంబరు అడగండి. ఆమోదించిన ప్లాన్‌ను సైట్ దగ్గర ప్రదర్శించాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఆదేశించింది. ఆ ప్లాన్‌లో ఎన్ని అంతస్తులు, నాలుగు వైపులా ఎంత సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) అన్నది రాసుకుని, పిల్లర్లు లేచేటప్పుడు టేపు పెట్టి కొలవండి. తేడా ఉంటే మొదటి స్లాబ్ పడకముందే రాతపూర్వక ఫిర్యాదు వెళ్లాలి. పై అంతస్తుల్లో మనుషులు దిగాక ఏ అధికారీ గునపం ఎత్తడు.

ఇంకో ముఖ్యమైన మాట. బీపాస్ చట్టంలో నోటీసు లేకుండా కూల్చే వీలుంది కదా అని వెంటనే కూల్చమని ఒత్తిడి చేయకండి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూల్చివేతకు ముందు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు, నాలా లాంటి చోట్ల ఆక్రమణలకు మాత్రం ఆ నియమం నుంచి మినహాయింపు ఉంది. సొంత స్థలంలో అదనపు అంతస్తు వేసిన కేసులో నోటీసు, జవాబు, ఉత్తర్వు ఈ మూడూ వరుసగా ఉంటేనే కోర్టులో నిలుస్తుంది. సంఘం అడగాల్సింది ఆ ఉత్తర్వు కాపీ. స్లాబుకు రెండు కన్నాలు పెట్టి తీసిన కూల్చివేత ఫోటోతో సరిపెట్టుకుంటే, ఆరు నెలల్లో ఆ కన్నాలు పూడిపోతాయి.

భూ వినియోగ మార్పు నోటీసులు పత్రికల్లో చిన్న అక్షరాల్లో వస్తాయి, గడువు రోజుల్లోనే ఉంటుంది. కాలనీ సర్వే నంబర్ల జాబితా ఒకరి దగ్గర పెట్టి, రోజూ పత్రికలో హెచ్‌ఎండీఏ ప్రకటనలు చూసే బాధ్యత అప్పగించండి. నివాస ప్రాంతం వాణిజ్యంగా మారాక వచ్చే ట్రాఫిక్, బోర్లు ఎండటం ఏ ప్రజావాణిలోనూ తీరే సమస్యలు కావు.

చివరగా సీసీ రోడ్డు. మంజూరైందని స్వీట్లు పంచేముందు ఆర్టీఐలో ఎస్టిమేట్, అగ్రిమెంట్ కాపీలు తీసుకోండి. పని ముగిశాక ఎంబీ, అంటే కొలతల పుస్తకం కాపీ కూడా. ఎస్టిమేట్‌లో మందం 200 మిల్లీమీటర్లు అని ఉంటే పక్కన బిగించే ఇనుప చానల్ ఎత్తు కూడా 200 ఉండాలి. కాంక్రీటు పోయకముందే టేపు పెడితే పని అయిపోతుంది, పోశాక కోర్ తీయాల్సిందే, అంటే రోడ్డుకు రంధ్రం చేసి ముక్క బయటికి తీసి కొలవాలి. మిక్సర్ బండి దగ్గర నీళ్ల పైపు పెట్టి కలుపుతుంటే ఆపండి, గట్టిపడాల్సిన కాంక్రీటు అక్కడే చెడుతుంది. ఎం30 (కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడు) అని రాసి ఉంటే 150 మిల్లీమీటర్ల క్యూబులు మీ ముందే పోయించి, వాటిమీద తేదీ రాయించి, 28 రోజుల ఫలితం అడగండి. జాయింట్లు మరుసటి రోజుకల్లా కోయాలి, ఆలస్యమైతే రోడ్డు తనకు తోచిన చోట పగులుతుంది. కనీసం 14 రోజులు నీటి తడి ఆరకూడదు.

అన్నింటికన్నా ఎక్కువ ఇళ్లను ముంచేది రోడ్డు మట్టం. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తే రోడ్డు అరడుగుకు పైగా లేస్తుంది, మొదటి వానకే నీళ్లు గేటు దాటి లోపలికి వస్తాయి. 9 మీటర్ల రోడ్డుకు నడుమ నుంచి అంచుకు మీటరుకు 20 మిల్లీమీటర్ల వాలు చొప్పున 90 మిల్లీమీటర్ల పల్లం ఉండాలి, ఆ నీళ్లు పడే కాలువ అంచు కన్నా కింద ఉండాలి. వాటర్ బోర్డు పైపులు, మ్యాన్‌హోళ్ల ఎత్తు సర్దడం, కేబుళ్లు ముందే అయిపోవాలని రెండు శాఖలకూ రాయండి. లేకపోతే మూడో నెలలో తవ్వుతారు. పని మొదలవ్వడానికి ముందు రోజు ప్రతి గేటు స్తంభం మీద ప్రస్తుత రోడ్డు మట్టం నుంచి ఒక అడుగు ఎత్తున ఎర్ర పెయింటుతో గీత గీసి, పక్కన టేపు పెట్టి ఫోటో తీసుకోండి. రోడ్డు పడ్డాక ఆ గీతకూ కొత్త రోడ్డుకూ మధ్య ఎన్ని అంగుళాలు మిగిలాయో కొలిచి, బిల్లు పాసవ్వకముందే ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) రాతపూర్వకంగా ఇవ్వండి.