చెక్ ఇంజిన్ లైట్ వెలగగానే సెన్సార్ కొనేయకండి

పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు దగ్గరపడుతుండగా డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజిన్ బొమ్మ వెలిగితే కంగారుగా షెడ్డుకి పరిగెత్తకండి. నేను అలాగే వెళ్లి 6,200 రూపాయలు పోగొట్టుకున్నాను.

నాది 2018 మోడల్ పెట్రోలు కారు, పొగ నిబంధనల్లో బీఎస్-4 రకం. భోగాపురం నుంచి విజయనగరం వస్తుంటే లైటు వెలిగింది. బండి బాగానే నడుస్తోంది, ఆగి ఉన్నప్పుడు మాత్రం స్టీరింగులో సన్నటి వణుకు. ఊళ్లో ఒక షెడ్డులో స్కానర్ పెట్టి పి-0171 అనే కోడ్ చూపించారు. "ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్, మార్చకపోతే పొల్యూషన్ పాసవదు" అన్నారు. బానెట్ అయినా ఎత్తలేదు. సెన్సార్ మార్చారు, లైటు ఆరింది, డబ్బు కట్టి వచ్చేశాను.

మూడో రోజు లైటు మళ్లీ వెలిగింది. పొల్యూషన్ బండి దగ్గర సైలెన్సర్‌లో గొట్టం పెట్టి చూస్తే హైడ్రోకార్బన్లు, అంటే కాలకుండా బయటికొచ్చే పెట్రోలు, 340 పీపీఎం (పది లక్షల్లో 340 వంతులు). నా బండికి హద్దు 200. ఫెయిల్.

ఆ కోడ్‌కి అర్థం సెన్సార్ పోయిందని కాదు. ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ వెళ్తోందని. ఆ సంగతి బండిలోని కంప్యూటర్‌కి చెప్పేదే ఆక్సిజన్ సెన్సార్. ఉన్నదున్నట్టు చెబుతున్నదాన్ని పీకి పారేశారన్నమాట. లైటు ఆరింది కూడా సెన్సార్ వల్ల కాదు, స్కానర్‌తో కోడ్ చెరిపేయడం వల్ల. కంప్యూటర్ మళ్లీ తప్పు పట్టేదాకా బండి కొంత తిరగాలి, అంతే.

మా బావమరిది చెబితే శ్రీకాకుళంలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన స్కానర్ జోలికే పోలేదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి విన్నాడు. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ దగ్గర సుయ్‌మని సన్నటి చప్పుడు. అక్కడి రబ్బరు గొట్టాన్ని కాస్త వంచి చూపించాడు. కిందివైపు చిటికెనవేలి గోరంత పగులు, వంచితేగానీ కనబడదు. దానిమీద బొటనవేలు అదిమిపెట్టగానే వణుకు ఆగిపోయింది. "ఏటి బాబూ, గాలి ఇక్కడ లాగేస్తంటే సెన్సార్ మార్చీసినారా?" అన్నాడు. గొట్టం 350, కూలీ 100.

పెట్రోలు తక్కువ వెళ్తుంటే పొల్యూషన్ తగ్గాలి కదా అని అడిగాను. గాలి మరీ ఎక్కువైతే మంట సరిగ్గా అంటుకోదట, ఉన్న కాస్త పెట్రోలూ కాలకుండానే సైలెన్సర్‌లోంచి పోతుందట. మర్నాడు పరీక్షలో హైడ్రోకార్బన్లు 62 వచ్చాయి. ఏడాదికి సర్టిఫికెట్ ఇచ్చారు.

సెన్సార్లు అసలు పోవని నేను అనను. ఇదే కోడ్, లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సార్‌కి మట్టిపట్టినా, పెట్రోలు పంపు నీరసించినా రావచ్చు. అందుకే భాగం కొనేముందు ఏం పరీక్ష చేసి అది పోయిందంటున్నారో అడగండి. కోడ్ కాగితం మీద రాయించుకోండి. పాత భాగం చేతికి తీసుకోండి. నేను అడిగితే చెత్తలో పడేశామన్నారు, బిల్లు తెల్లకాగితం మీద రాసిచ్చారు, దాంతో నిలదీయడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

పరీక్షకి ముందు "లైటు ఆర్పిస్తాం, పాసైపోతుంది" అనేవాళ్లని అసలు నమ్మకండి. మన పొల్యూషన్ పరీక్షలో చూసేది సైలెన్సర్‌లోంచి వచ్చేదాన్నే, లైటుని కాదు. ఆ లైటు ఆగి ఆగి మిణుకుమంటుంటే మాత్రం బండి పక్కకి ఆపేయండి. మంట సరిగ్గా అంటుకోవడం లేదని దానర్థం. కాలని పెట్రోలు, పొగని శుభ్రంచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది, అది మార్చాలంటే వేలల్లో అవుతుంది.

సెకండ్‌హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లేవాళ్లు స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి చూడండి. ఇంజిన్ బొమ్మ వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ఆ లైటుని ఎవరో కావాలని పనిచేయకుండా చేసి ఉండొచ్చు. అది తేలేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.