ఒక్క ప్రింటరు, మూడు రకాల కంప్యూటర్లు: షేరింగ్‌కి ఏది మేలు?

భీమవరం, అమలాపురం, పాలకొల్లు... ఎటు నుంచి ఫోన్ వచ్చినా ఈ మధ్య ఇదే ప్రశ్న. "కౌంటర్లో విండోస్ ఉందండీ, లోపల గదిలో లినక్స్ వేయించాం, మా అబ్బాయి మ్యాక్‌బుక్ తెచ్చుకున్నాడు. ప్రింటరు మాత్రం ఒక్కటే. ఎలా కలపాలి?" 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయాక ఈ తంతు పెరిగింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లను పారేయలేక కొందరు లినక్స్ మింటో ఉబుంటూనో వేయించుకున్నారు. ట్యాలీ నడిచే మెషీన్ మాత్రం విండోస్‌లోనే ఉండిపోయింది.

కొత్త ప్రింటరు కొనే ఆలోచన ఉంటే ఇంత చర్చ అక్కర్లేదు. వైఫై గానీ నెట్‌వర్క్ కేబుల్ పోర్టు గానీ ఉండి, డబ్బా మీద ఎయిర్‌ప్రింట్ అనో మోప్రియా అనో రాసి ఉన్నది చూసి తీసుకోండి. విండోస్, లినక్స్, మ్యాక్, ఫోను... అన్నీ కంపెనీ డ్రైవర్ లేకుండానే దానికి ప్రింటు పంపగలవు, వేరే కంప్యూటరు ఆన్‌లో ఉండాల్సిన పని కూడా లేదు. రౌటర్‌లో ఆ ప్రింటరుకి ఒక ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని అడ్రసు, ఖాయం చేసేస్తే సరిపోతుంది. వాదన లేకుండా అదే మేలు.

అయితే అడిగేవాళ్లలో ఎక్కువమంది దగ్గర ఉన్నది హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లేదా కెనాన్ ఎల్‌బీపీ 2900. రెండూ యూఎస్‌బీ ప్రింటర్లే, నెట్‌వర్క్ మాటే లేదు. 12ఏ టోనర్ రీఫిల్ చేసేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు, మెషీన్ ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. నిక్షేపంలా నడిచేదాన్ని తీసి పక్కన పెట్టమంటే ఎవరు వింటారు? మిగతాదంతా వాళ్ల కోసమే.

ఇలాంటి ప్రింటరుకి మిగిలే దారులు ముఖ్యంగా రెండు. విండోస్ కంప్యూటరుకి తగిలించి అక్కడి నుంచి షేర్ చేయడం ఒకటి. లినక్స్ కంప్యూటరుకి తగిలించి కప్స్ (లినక్స్‌లో ప్రింటింగ్ పని చూసే సాఫ్ట్‌వేర్) ద్వారా షేర్ చేయడం రెండోది.

ఈ రెండింట్లో ఏది అనేది తేల్చడానికి నేను చూసేది ఒక్కటే: డ్రైవర్ ఎన్ని చోట్ల వేయాలి? 1020కి గానీ 2900కి గానీ పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ లాంటి అందరికీ తెలిసిన ప్రింటరు భాషలు రావు. పేజీని చుక్కలుగా మార్చే పని కంప్యూటరే చేసి, ఆ ప్రింటరు సొంత భాషలో పంపాలి. పూర్వం యానాంలో ఫ్రెంచి దొరలతో మాట్లాడాలంటే దుబాసీ కావాల్సి వచ్చినట్టే ఇక్కడ డ్రైవర్. ఆ దుబాసీ ప్రతి కంప్యూటర్లోనూ ఉండాలా, ప్రింటరు పక్కన ఒక్కడు కూర్చుంటే చాలా?

విండోస్ షేరింగ్‌లో ప్రతి కంప్యూటర్లోనూ ఉండాలి. అవతలిది కూడా విండోసే అయితే బాధ తెలియదు, ప్రింటరు ఉన్న మెషీన్ నుంచి డ్రైవర్ దానంతటదే దిగుతుంది. లినక్స్ నుంచి సాంబా (విండోస్ షేరింగ్‌తో మాట్లాడే లినక్స్ సాఫ్ట్‌వేర్) ద్వారా విండోస్ ప్రింటరుకి పంపాలంటే మాత్రం ఆ ప్రింటరుకి సరిపడే లినక్స్ డ్రైవర్ ఆ లినక్స్‌లో ఉండి తీరాలి. మ్యాక్‌దీ అదే కథ. పైగా మ్యాక్ కొత్త వెర్షన్‌కి మారినప్పుడు పాత ప్రింటరు డ్రైవర్ పనిచేస్తుందో లేదో అప్పుడు గానీ తెలియదు. మూడు రకాల కంప్యూటర్లుంటే మూడు చోట్ల డ్రైవర్ల వేట.

దానికి తోడు తాళాలు. విండోస్‌లోకి రోజూ పిన్ నొక్కి వెళ్లే అలవాటున్నవాళ్లు లినక్స్‌లో అదే పిన్ కొట్టి "రావట్లేదండీ" అంటుంటారు. నెట్‌వర్క్ మీద పిన్ చెల్లదు, అకౌంటు పాస్‌వర్డే కావాలి. ఇందుకోసం విండోస్‌లో ప్రింటింగ్‌కని వేరే లోకల్ అకౌంటు పెట్టి, దానికో పాస్‌వర్డ్ ఇవ్వడం మంచిది. 2021 జులైలో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడ్డాక మైక్రోసాఫ్ట్ వరసగా బిగించుకుంటూ వచ్చింది. ఆ ఆగస్టు నుంచి షేర్ చేసిన ప్రింటరు డ్రైవర్ దించుకోవడానికి అడ్మిన్ అనుమతి కావాలి. సెప్టెంబర్ అప్‌డేట్‌తో చాలాచోట్ల చివర 11బి అని ఉండే ఎర్రర్ వచ్చి షేరింగ్ ఆగిపోయింది. భద్రత కోసం చేసిన మార్పులే, తప్పు పట్టలేం. కానీ నిన్నటిదాకా నడిచింది ఇవాళ అప్‌డేట్‌తో ఆగితే, బిల్లు కోసం నిలబడ్డ రొయ్యల రైతుకి ఇదంతా చెప్పి ఒప్పించలేం కదా.

కప్స్ దగ్గర లెక్క వేరు. డ్రైవర్ ఒక్క లినక్స్ కంప్యూటర్లో ఉంటే చాలు. మిగతావి పేజీని మామూలు రూపంలో, అంటే పీడీఎఫ్‌గానో బొమ్మగానో, ఐపీపీ అనే నెట్‌వర్క్ ప్రింటింగ్ పద్ధతిలో పంపుతాయి. ప్రింటరు భాషలోకి మార్చేది కప్సే. మ్యాక్ లోపల కూడా 2002 నుంచి ఉన్నది ఇదే కప్స్ కాబట్టి మ్యాక్‌కి, లినక్స్‌కి పేచీ లేదు. ఉబుంటూలో బ్రౌజర్ తెరిచి లోకల్‌హోస్ట్ అని కొట్టి పోర్ట్ 631కి వెళ్తే కప్స్ పేజీ వస్తుంది. అడ్మినిస్ట్రేషన్‌లో ప్రింటర్లను షేర్ చేయమనే గడిలో టిక్ పెట్టాలి. ఆ ప్రింటరు పేజీలో కూడా షేరింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి, చాలామంది మర్చిపోయేది ఇక్కడే. ఫైర్‌వాల్ ఉంటే 631 వదలాలి, ఇంట్లో నెట్‌వర్క్ వరకే. బయటి ఇంటర్నెట్‌కి ఎప్పుడూ తెరవొద్దు. 2024 సెప్టెంబర్‌లో కప్స్‌లో నెట్‌వర్క్ ప్రింటర్లను వెతికే భాగంలోనూ పెద్ద లోపాలు బయటపడ్డాయి, కాబట్టి అప్‌డేట్లు ఇక్కడా తప్పవు.

నెట్‌వర్క్‌లో ప్రింటరు ఉందని చాటే అవాహీ సర్వీసు లినక్స్‌లో నడుస్తుంటే మ్యాక్‌లోనూ ఐఫోన్‌లోనూ ఆ ప్రింటరు దానంతటదే కనిపిస్తుంది. వైఫై అంటే ఏమిటో తెలియని 1020కి ఫోన్ నుంచి ప్రింటు వస్తే షాపువాళ్లకి అదో ముచ్చట.

విండోస్‌లోనే కాస్త చేత్తో పని. ప్రింటరు యాడ్ చేసేటప్పుడు పేరుతో ఎంచుకునే ఆప్షన్‌కి వెళ్లి, హెచ్‌టీటీపీతో మొదలయ్యే అడ్రస్ ఇవ్వాలి: లినక్స్ కంప్యూటరు ఐపీ, పోర్ట్ 631, ఆ తర్వాత ప్రింటర్స్ అనే మాట, చివర కప్స్‌లో పెట్టిన పేరు. డ్రైవర్ అడిగితే మైక్రోసాఫ్ట్ ఐపీపీ క్లాస్ డ్రైవర్ గానీ ఏదైనా మామూలు పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్ గానీ ఇవ్వాలి. అలవాటు కొద్దీ అక్కడ 1020 డ్రైవరే వెతికి వేయకండి. మార్చే పని కప్స్‌కి వదిలేశాం కదా, మళ్లీ విండోస్ మార్చి పంపితే చెత్త వస్తుంది, లేదా ఏమీ రాదు.

మన దగ్గర కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. 1020కి ఒక గుణం ఉంది: ఆపి ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరు దానికి ఫర్మ్‌వేర్ (ప్రింటరు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) మళ్లీ ఎక్కించాలి, లేకపోతే బొమ్మలా కూర్చుంటుంది. వానగాలికి కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఇదే. విండోస్ డ్రైవర్ ఆ పని చేసుకుంటుంది. లినక్స్‌లో హెచ్‌పీ వాళ్ల డ్రైవర్ ప్యాకేజీ హెచ్‌ప్లిప్‌తో పాటు దాని ప్లగిన్ కూడా వేస్తే అదీ చేసుకుంటుంది. ప్లగిన్ వేయకుండా లినక్స్‌ని తిట్టేవాళ్లు చాలామంది. వానాకాలంలో కాగితం చెమ్మెక్కి జామ్ అయితే మాత్రం ఏ ఆపరేటింగ్ సిస్టమూ ఏం చేయలేదు.

రౌటర్ వెనకున్న యూఎస్‌బీ పోర్టు, ఆన్‌లైన్లో దొరికే చిన్న ప్రింట్ సర్వర్ డబ్బాలు ఇందుకే ఈ ప్రింటర్లకి పనికిరావు. అవి వచ్చిన డేటాని అలాగే లోపలికి తోస్తాయి తప్ప ఫర్మ్‌వేర్ ఎక్కించవు, డ్రైవర్ గొడవ కూడా తీరదు. గూగుల్ క్లౌడ్ ప్రింట్ గురించి ఇంకా అడిగేవాళ్లున్నారు, అది 2020 డిసెంబర్ 31తోనే మూతపడింది.

పెన్‌డ్రైవ్‌లో వేసి మోసుకెళ్లడం ఎప్పుడూ ఉన్నదే. డీటీపీ పనికి అందులో ఒక చిక్కుంది. అను ఫాంట్లతో కొట్టిన పెళ్లి కార్డు ఫైలుని ఆ ఫాంట్లు లేని లినక్స్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. పీడీఎఫ్ చేసి తీసుకెళ్తే ఫాంటు అందులోనే ఉంటుంది. నెట్‌వర్క్‌లో కప్స్‌కి పంపినప్పుడు అక్షరాలు విండోస్‌లోనే కుదిరి వెళ్తాయి కాబట్టి ఆ భయం లేదు.

కాబట్టి నా ఓటు కప్స్‌కే, రెండు షరతులతో. ఆ లినక్స్ కంప్యూటరు షాపు తెరిచి ఉన్నంతసేపూ ఆన్‌లో ఉండాలి, ఇన్వర్టర్ లైను మీద ఉంటే ఇంకా మంచిది. లేజర్ ప్రింటరుని మాత్రం ఇన్వర్టర్‌కి తగిలించొద్దు, వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకి చిన్న ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. రెండోది, అన్నీ విండోసే ఉండి ఒక్క లినక్స్ ల్యాప్‌టాప్ ఎప్పుడో వచ్చిపోతుంటే ఇంత హడావిడి దండగ. ప్రింటరుని విండోస్‌కే ఉంచి, ఆ ల్యాప్‌టాప్ నుంచి పీడీఎఫ్ పంపించుకోండి.

2900 ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. కరెంటు తక్కువ తింటుందని రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరు కొని దానికి తగిలిద్దామనుకుంటారు. కెనాన్ ఇచ్చే లినక్స్ డ్రైవర్ ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లకే గానీ పైలో ఉండే ఆర్మ్‌కి కాదు. వాళ్లకి మూల పడేసిన పాత డెస్క్‌టాపే నయం, డ్రైవర్ కాస్త మొండిదే అయినా ఒక్కచోట వేస్తే చాలు కదా.