మిక్సింగ్ బల్ల మీద రైజెన్, ఇంటెల్: ఆరేళ్ల వాడకం తర్వాత

ఖమ్మంలో నాది పెళ్లి వీడియోల మిక్సింగ్ యూనిట్. రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు, నేను, ఒక కుర్రాడు. గోడ పక్క బల్ల మీది కంప్యూటర్‌లో ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్ (లెక్కలన్నీ చేసే ప్రధాన చిప్పు) ఉంది, కిటికీ పక్క దానిలో ఇంటెల్ కంపెనీది ఉంది. మొదటిది 2020 ఫిబ్రవరిలో కొన్నాను, రెండోది 2022 మే నెలలో. పోల్చి చూద్దామని రెండు కంపెనీలవి కొనలేదు. కొన్న రోజున జేబులో ఉన్న డబ్బు, బజారులో దొరికిన సరుకు కలిసి అలా తేల్చాయి. అయితే ఒకే పెళ్లిని రెండు బల్లల మీద పంచుకుని మిక్సింగ్ చేస్తుంటాం కాబట్టి, ఏది ఏ పనిలో ముందుంటుందో నాకు అంకెలు చూడకుండానే తెలుస్తుంది.

2020లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సరుకు అమ్మే సీటీసీకి వెళ్లి రైజెన్ కావాలంటే, మొదటి మూడు దుకాణాల్లోనూ ఒకటే మాట: "ఏఎండీ వద్దు సార్, వేడెక్కుతుంది." ఆ మాట ఊరికే పుట్టలేదు. 2011లో ఏఎండీ బుల్‌డోజర్ తరం ప్రాసెసర్లు తెచ్చింది. ఎనిమిది కోర్లు (చిప్పు లోపల విడివిడిగా పని చేసే భాగాలు) ఉన్న ఎఫ్‌ఎక్స్-8150కు కాగితం మీద రాసిన కరెంటే 125 వాట్లు. అంత తాగి కూడా చాలా పనుల్లో నాలుగు కోర్ల ఇంటెల్ ఐ5-2500కే చేతిలో ఓడిపోయింది. ఆ తర్వాత ఆరేళ్లు ఇంటెల్‌కు ఎదురు లేదు. ఎదురు లేని వ్యాపారి ఏం చేస్తాడో ఇంటెల్ అదే చేసింది: 2017 మొదట్లో వచ్చిన ఐ7-7700కేలో కూడా నాలుగు కోర్లే. ఆ ఏడాది మార్చిలో రైజెన్ దిగింది, ఏప్రిల్‌లో ఆరు కోర్ల రైజెన్ 5 1600 వచ్చింది. అక్టోబరుకల్లా ఇంటెల్ కూడా ఆరు కోర్ల ఐ7-8700కే తెచ్చింది. అంతకుముందు ఏళ్ల తరబడి కుదరనిది ఆరు నెలల్లో ఎలా కుదిరిందో వాళ్లకే తెలియాలి. ఇంటెల్ తప్ప మరొకటి ముట్టని వాళ్లు కూడా ఈ ఒక్క విషయంలో ఏఎండీకి రుణపడి ఉన్నారని నా అభిప్రాయం.

నేను కొన్నది రైజెన్ 5 3600. ఆరు కోర్లు, 12 థ్రెడ్లు (ఒకేసారి నడపగల పని వరుసలు). 2019 జులైలో వచ్చినప్పుడు అమెరికాలో ధర 199 డాలర్లు. దానికి దగ్గరి ధరలో ఇంటెల్ వైపు ఐ5-9400ఎఫ్ ఉండేది. దానికీ ఆరు కోర్లే గాని, థ్రెడ్లు కూడా ఆరే. వీడియో రెండరింగ్‌కు (పూర్తయిన సినిమాను ఫైలుగా తయారు చేయడానికి) ఏది తీసుకోవాలో అప్పుడు పెద్దగా ఆలోచించాల్సిన పని లేకపోయింది. ప్రాసెసర్ సుమారు 15,500 రూపాయలు, బి450 మదర్‌బోర్డు 7,000 అయ్యాయి. ఈ చిప్పులో గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి ఎన్విడియా కంపెనీ జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్ కార్డు వేరే తీసుకున్నాను. దాని ధర ప్రాసెసర్ కంటే ఎక్కువ. "రైజెన్ చవక" అనేవాళ్లు ఈ కార్డు ఖర్చు కలపడం మరిచిపోతుంటారు.

వేడి సంగతి కూడా చెప్పాలి. మే నెలలో మా ఊళ్లో బయట 44 డిగ్రీలుంటే, డబ్బాలో వచ్చే చిన్న కూలర్ ఏ కంపెనీదైనా రెండరింగ్ మొదలవగానే మిక్సీలా అరుస్తుంది. రెండింటికీ రెండేసి వేలు పెట్టి నిలువు కూలర్లు వేయించాను. ఆ తర్వాత వేడిలో తేడా ఉందని ఎవరైనా అంటే నమ్మను.

2022 నాటికి పని పెరిగి రెండో బల్ల అవసరమైంది. గ్రాఫిక్ కార్డుల ధరలు అంతకుముందు ఏడాదంతా మండిపోయి, అప్పుడప్పుడే దిగుతున్నాయి. కార్డు కొనకుండా పని మొదలుపెట్టాలంటే లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ కావాలి. ఇంటెల్ 12వ తరం కోర్ ఐ5-12400 ఎంచుకున్నాను. ఇదీ ఆరు కోర్లు, 12 థ్రెడ్లదే. దుకాణదారు 12400ఎఫ్ తీసి బల్ల మీద పెట్టి, "అదే ప్రాసెసర్, రెండు వేలు తక్కువ" అన్నాడు. అబద్ధమూ కాదు. కోర్లు అవే, వేగం అదే. ఎఫ్ అంటే లోపలి గ్రాఫిక్స్ పని చేయదని అర్థం. కంపెనీ ధరల్లో కూడా తేడా 25 డాలర్లే. ఆ రోజు మిగుల్చుకోబోయిన రెండు వేల విలువ నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది.

ఆ ఏడాది చివర్లో కెనాన్ ఆర్6 కెమెరా కొన్నాం. అంతకుముందు వాడిన సోనీ ఏ7 3 వీడియో 8 బిట్లది (రంగుల మెట్లు తక్కువ). ఏ కంప్యూటర్ మీదైనా వెన్నలా నడిచేది. ఆర్6లో కెనాన్ లాగ్ (రంగులు తర్వాత దిద్దుకోవడానికి వీలుగా తీసే పద్ధతి) పెట్టి తీస్తే వీడియో హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో 10 బిట్లతో, 4:2:2 రంగుతో వస్తుంది. రంగు సమాచారం మామూలు వీడియోలో కంటే రెట్టింపు నిలిచి ఉంటుందన్న మాట. కల్యాణ మండపాల్లో ఊదా రంగు ఎల్‌ఈడీ దీపాల కింద పెళ్లికూతురి పసుపు చీర బూడిద రంగులోకి పోతుంది కదా, దాన్ని వెనక్కి లాక్కురావడానికి ఇది చాలా అవసరం. తొలి పెళ్లి వీడియో గోడ పక్క బల్ల మీద రైజెన్‌లో వేశాను. జీలకర్ర బెల్లం దగ్గర ప్లే నొక్కితే బొమ్మ ఆగి ఆగి నడిచింది. మూడు కెమెరాల టైమ్‌లైన్ పెడితే ఇక కదల్లేదు. అవే మెమరీ కార్డులు కిటికీ పక్కన ఇంటెల్ మీద, అదీ అసలు గ్రాఫిక్ కార్డే లేని దాని మీద వేస్తే, తలంబ్రాలు ఒక్కొక్క గింజా కనిపించేలా సాఫీగా నడిచాయి.

కారణం వెతికితే తేలింది ఇది. ఇంటెల్ 11వ తరం నుంచి లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ అనే చిన్న భాగం 10 బిట్ల 4:2:2 హెచ్.265 వీడియోను నేరుగా విప్పగలదు. నా జీటీఎక్స్ కార్డు విప్పలేదు. ఆ తర్వాత వచ్చిన ఆర్‌టీఎక్స్ 30, 40 వరుస కార్డులు కూడా విప్పలేవు; ఎన్విడియా దాన్ని 2025లో వచ్చిన 50 వరుసలో గాని చేర్చలేదు. రైజెన్ 3600లో గ్రాఫిక్స్ భాగమే లేదు. కాబట్టి ఆ భారమంతా కోర్ల మీద పడుతుంది. కోర్లు ఎంత గట్టివైనా ఆ పని వాటిది కాదు. గునపంతో గోరింటాకు పెట్టినట్టు ఉంటుంది. ప్రీమియర్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాక్సీలు (తేలికపాటి నకలు ఫైళ్లు) చేసుకుంటే రైజెన్ మీద కూడా నడుస్తుంది, కానీ ఒక్కో పెళ్లికి ప్రాక్సీలకే రాత్రంతా పోతుంది. ముహూర్తాల రోజుల్లో ఆ రాత్రి మాకు ఉండదు.

సోనీ వాడేవాళ్లకు ఒక చిన్న మాట. ఏ7 4లో వీడియో రకం ఎక్స్‌ఏవీసీ ఎస్ కింద 4:2:2 పెడితే అది హెచ్.265 కాదు, దానికి ముందుదైన హెచ్.264. నా 12వ తరం ఇంటెల్ కూడా దాన్ని నేరుగా విప్పదు. హెచ్.265లో రాసే ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ పెట్టుకుంటేనే ఈ లాభం దక్కుతుంది.

ఇంతవరకు చదివి నేను ఇంటెల్ మనిషినని అనుకోవద్దు. 2023లో గోడ పక్క కంప్యూటర్‌కు చేసింది ఇంటెల్‌తో చేయగలిగేది కాదు. పాత బి450 బోర్డు మీదే రైజెన్ 5 3600 తీసి, ఎనిమిది కోర్ల రైజెన్ 7 5700ఎక్స్ పెట్టాను. మూడేళ్ల నాటి బోర్డు, అదే రామ్, అదే డబ్బా. దీని వెనక కొంత కథ ఉంది. 2020 మేలో ఏఎండీ, బి450 లాంటి బోర్డుల మీద రాబోయే జెన్ 3 తరం ప్రాసెసర్లు (5700ఎక్స్ ఆ తరానిదే) నడవవని ప్రకటించింది. వాడకందారులు గట్టిగా గొడవ చేశాక కొద్ది రోజుల్లోనే మాట మార్చుకుంది. ఆ గొడవ చేసినవాళ్లెవరో గాని నాకు ఏడు వేల బోర్డు మిగిల్చారు. ఏఎం4 సాకెట్ (నా బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు) మీద 2024లో కూడా 5700ఎక్స్3డి లాంటి కొత్త చిప్పులు వచ్చాయి.

ఇంటెల్ వైపు చూస్తే, 10వ తరానికి వచ్చిన బి460 బోర్డు మీద పక్కనే ఉన్న 11వ తరం నడవదు, సాకెట్ ఒకటే అయినా సరే. 12 నుంచి 14వ తరం వరకు ఒక సాకెట్. 2024 అక్టోబరులో కోర్ అల్ట్రా 200ఎస్ రాగానే మళ్లీ కొత్త సాకెట్. బోర్డు మారిస్తే ఖర్చు బోర్డుతో ఆగదు. విండోస్ యాక్టివేషన్, ప్లగిన్ల లైసెన్సులు, రెండు రోజుల పని అన్నీ లెక్కలోకి వస్తాయి.

ప్రాసెసర్ మార్పిడి మూఢంలో పెట్టుకున్నాను, పెళ్లిళ్లు ఉండవు కనుక. ముందు బయాస్ (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి. అది నడుస్తుండగా కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. యూపీఎస్ నిండా చార్జయ్యాక, మధ్యాహ్నం కోత అయిపోయి కరెంటు వచ్చాక మొదలుపెట్టి, ఆ నాలుగు నిమిషాలూ కుర్చీ అంచున కూర్చున్నాను. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. చల్లారిన థర్మల్ పేస్టు గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి కూలర్ లాగితే చిప్పు కూడా ఊడి వచ్చేస్తుంది. పది నిమిషాలు ఏదైనా రెండరింగ్ పెట్టి వేడెక్కించి, ఆపేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి. ఇంటెల్‌లో ఈ భయం లేదు, పిన్నులు బోర్డులో ఉంటాయి. కొత్త సాకెట్ ఏఎం5లో ఏఎండీ కూడా పిన్నులను బోర్డులోకే మార్చింది.

వేగం అంకెలు కావాలనేవాళ్లకు: వేగం కొలిచే సాఫ్ట్‌వేర్ సినీబెంచ్ ఆర్23లో అన్ని కోర్లూ కలిపి 3600కి నా దగ్గర దాదాపు 9,300 వచ్చింది, ఐ5-12400కి 12,200, 5700ఎక్స్‌కి 13,600. ఒక్క కోరుతో చూస్తే వరుస మారుతుంది: ఇంటెల్ 1,700 దాకా పోతుంది, 5700ఎక్స్ 1,500 దగ్గర నిలుస్తుంది. ఫొటోషాప్‌లో ఆల్బమ్ పేజీలు తిప్పుతున్నప్పుడు ఈ తేడా చేతికి తెలుస్తుంది; పెద్ద ఫైలు తెరవడం, బ్రష్ వెంట రంగు రావడం ఇంటెల్ మీద చురుగ్గా ఉంటాయి. రంగులు సరిచేసిన గంటన్నర సినిమాను కోర్లతోనే రెండర్ చేసేటప్పుడు, పాత వీడియోల మచ్చలు తీసేటప్పుడు రైజెన్ ముందు ముగిస్తుంది. శుభలేఖలకు మేము ఇప్పటికీ అను ఫాంట్లతో పేజ్‌మేకరే వాడతాం. దానికి వీటిలో ఏదైనా ఎక్కువే.

కరెంటు విషయంలో కాగితం మీది 65 వాట్లను నమ్మవద్దు. 65 అని రాసిన 3600 గట్టి పనిలో 88 దాకా తీసుకుంటుంది. అదే 65 అని రాసిన 12400కు ఇంటెల్ ఇచ్చిన పై హద్దు 117. అయితే ఊరికే తెరిచి ఉంచినప్పుడు ఇంటెల్ తక్కువ తాగుతుంది. కోత వచ్చినప్పుడు యూపీఎస్ మీద కిటికీ పక్కది ఎక్కువసేపు నిలుస్తుంది. దానిలో గ్రాఫిక్ కార్డు లేకపోవడం కూడా ఒక కారణమే.

డబ్బు లెక్క: ఇంటెల్ వైపు ప్రాసెసర్ 17,500, బి660 బోర్డు 11,500, మొత్తం 29,000. ఏఎండీ వైపు మొదట 22,500, తర్వాత 5700ఎక్స్‌కు 17,000, పాత 3600 అమ్మితే వచ్చిన 5,500 తీసేస్తే 34,000; కార్డు ధర దీనిలో కలపలేదు. నికరంగా చవక ఇంటెలే. కానీ ఆ 34,000లో నాకు రెండు తరాల ప్రాసెసర్లు వచ్చాయి. తిరిగి అమ్మేటప్పుడు మాత్రం మా ఊళ్లో ఇంటెల్‌కు గిరాకీ ఎక్కువ. "ఐ5" అంటే బేరం మొదలవుతుంది, "రైజెన్ 5" అంటే ముందు పాఠం చెప్పాలి.

కిటికీ పక్కదానికి 13వ తరం ఐ7 వేద్దామని 2024లో అనుకున్నాను. సరిగ్గా అప్పుడే 13, 14 తరాల పెద్ద డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అవసరానికి మించిన వోల్టేజి వల్ల లోపల దెబ్బతింటున్నాయన్న సంగతి బయటపడింది. ఇంటెల్ ఒప్పుకుని, ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (చిప్పు లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. కొత్తది కొనేవాళ్లకు అది చాలు. నేను చూసింది వాడినవి. ఏ చిప్పు అప్పటికే ఎంత అరిగిందో బయటికి కనిపించదు కదా, ఊరుకున్నాను. 12400కు ఆ బెడద లేదు.

ఇప్పుడు కొత్తగా మిక్సింగ్ యూనిట్ పెట్టేవాళ్లు అడిగితే, ముందు మీ కెమెరా ఏదో చెప్పమంటాను. 10 బిట్ల 4:2:2లో తీస్తూ, ఖరీదైన కార్డు కొనే స్తోమత లేకపోతే ఎఫ్ లేని ఇంటెల్ తీసుకోవాలి. ఆర్‌టీఎక్స్ 50 వరుస కార్డు కొనేటట్టయితే ఇంటెల్‌కు ఉన్న ఆ ఒక్క మొగ్గూ పోయినట్టే. అప్పుడు ఏఎం5 మీద రైజెన్ నా ఓటు. పేరు చివర ఎఫ్ లేని ఏఎం5 రైజెన్‌లలో ఇప్పుడు చిన్న గ్రాఫిక్స్ కూడా ఉంటాయి, కార్డు చెడిపోయిన రోజున తెరైనా వెలుగుతుంది. ఆటలకోసం మెచ్చుకునే ఎక్స్3డి రకాలు మన పనికి అక్కర్లేదు. వాటిలో ఉండే అదనపు క్యాష్ మెమరీ (చిప్పులోనే ఉండే వేగమైన చిన్న మెమరీ) మాంగల్యధారణను వేగంగా రెండర్ చేయదు.

నా రెండూ ఇంకా మార్చే ఆలోచన లేదు. మాఘం ముహూర్తాలు మొదలవగానే కుర్రాడు నాకంటే ముందే వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాడు. గాలి కోసమంటాడు. ఆర్6 కార్డులన్నీ అప్పటికే ఆ కంప్యూటర్‌లోకి ఎక్కి ఉంటాయి.