సూపర్‌వైజర్ హెల్మెట్: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

సైట్ సూపర్‌వైజర్‌గా ఏళ్ల తరబడి రోజంతా హెల్మెట్‌తోనే తిరుగుతున్నాను. లోపలి పట్టీని రంధ్రాల్లో గుచ్చి సైజు పెట్టుకునే మామూలు హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ హెల్మెట్ వాడాను. వెనక నాబ్ తిప్పి బిగించే, ఏబీఎస్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ హెల్మెట్ వాడాను. కొండలెక్కేవాళ్ల హెల్మెట్‌లా అంచు బాగా చిన్నగా, లోపల ఫోమ్‌తో ఉండే రకం కూడా వాడాను. రోజువారీ పనికి నేను ఖాయం చేసుకున్నది ఆ నాబ్ ఉన్నదే, అదీ చెవికి ముందూ వెనకా వచ్చే వై ఆకారపు చిన్ స్ట్రాప్‌తో, అంటే గడ్డం కింద కట్టే పట్టీతో.

సూపర్‌వైజర్ పని వేరు. తల వంచి డ్రాయింగ్ చూడాలి, ఆ వెంటనే తలెత్తి పైనున్న సెంట్రింగ్ చూడాలి, స్లాబ్ మీంచి వంగి కింది అంతస్తులో ఉన్న మేస్త్రీతో మాట్లాడాలి, మధ్యలో ఫోన్లు. ఒకచోట కూర్చుని పని చేసేవాళ్లకి సరిపోయే హెల్మెట్ మనకి మాటిమాటికీ జారుతుంది. జారే హెల్మెట్ కాసేపటికి చేతిలోకి, తర్వాత చంకలోకి, ఆ తర్వాత టేబుల్ మీదికి వెళ్తుంది. పై అంతస్తులో ఊడితే కింద ఉన్నవాళ్ల మీద పడేదీ అదే. అందుకే కొనేటప్పుడు నేను ముందు చూసేది పై డొప్పని కాదు, లోపలి పట్టీలని.

నిజానికి దెబ్బని మింగే పని చాలావరకు ఆ పట్టీలదే. డొప్పకీ తలకీ మధ్య వదిలిన ఖాళీలో అవి సాగి, బరువు ఒక్కసారిగా తల మీద పడకుండా ఆపుతాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 397 పరీక్షలో 5 కిలోల బరువుని మీటరు ఎత్తు నుంచి హెల్మెట్ మీద పడేస్తారు. లోపలి నమూనా తలకి చేరే బలం 5 కిలోన్యూటన్లు దాటకూడదు. ఆ ఖాళీలో ఫోనో, మడిచిన కాగితాలో, కర్చీఫో దూర్చి తిరిగేవాళ్లని రోజూ చూస్తుంటాను, చూసిన ప్రతిసారీ తీయిస్తాను. ఆ ఖాళీ నింపేశాక అది హెల్మెట్ కాదు, గట్టి టోపీ.

నాలుగు చోట్ల తగిలించిన పట్టీల కంటే ఆరు చోట్ల తగిలించినవి నాకు బాగా నప్పాయి. బరువు తల మీద సమంగా పడుతుంది, సాయంత్రానికి నడినెత్తిన నొప్పి ఉండదు. కొనే ముందు తల మీద పెట్టుకుని, నాబ్ బిగించి, చిన్ స్ట్రాప్ కట్టకుండానే బాగా ముందుకి వంగి చూడండి. తర్వాత పూర్తిగా పైకి చూడండి. రెండిట్లో దేనికైనా కదిలితే అది మీ తలకి పనికిరాదు, ఎంత మంచిదైనా సరే.

చిన్ స్ట్రాప్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని దాదాపు ఎవరూ అడగరు. 2012 నాటి ఈఎన్ 397 ప్రకారం స్ట్రాప్ 150 నుంచి 250 న్యూటన్ల లాగుడుకి ఊడిపోవాలి, అంటే సుమారు 15 నుంచి 25 కిలోల బరువు వేలాడినట్టు. హెల్మెట్ ఏ ఊచకో తగులుకుంటే మెడ బిగుసుకుపోకుండా ఈ ఏర్పాటు. పర్వతారోహణ హెల్మెట్ల ప్రమాణం ఈఎన్ 12492లో లెక్క తిరగబడుతుంది. అక్కడ స్ట్రాప్ 500 న్యూటన్లకి కూడా తెగకూడదు. మనిషి పైనుంచి పడుతున్నప్పుడు హెల్మెట్ తల మీదే ఉండాలన్నది అక్కడి ఆలోచన. ఈ రెండిట్లో ఏది మెరుగు అని అడిగితే జవాబు లేదు, మీరు ఎక్కడ తిరుగుతారన్నదే ప్రశ్న. నేను నేల మీదా, గోడలు లేచిన అంతస్తుల్లోనూ మొదటి రకం పెట్టుకుంటాను. బెల్ట్ కట్టుకుని పరంజా ఎక్కాల్సిన రోజున రెండోది. కొన్ని మోడళ్లలో బకిల్ మార్చి రెండు రకాలుగానూ వాడుకోవచ్చు, అలాంటిది దొరికితే ఇంకా మంచిది.

ఫోమ్ రకంలో నాకు నచ్చినది పక్కల రక్షణ. సూపర్‌వైజర్ తలకి పైనుంచి పడే వాటి కంటే పక్క నుంచి తగిలే పైపులూ, పొడుచుకొచ్చిన ప్లేట్లే ఎక్కువ. అమెరికా ప్రమాణం ఆన్సీ జెడ్89.1లో టైప్ 1 అంటే నడినెత్తి దెబ్బకి మాత్రమే, టైప్ 2 అంటే పక్కలకి కూడా. కొనేటప్పుడు ఈ అంకె చూడండి. నచ్చనిది ఎండ. అంచు మరీ చిన్నది కావడంతో కళ్లలోకి ఎండ కొట్టేది, వానలో కళ్లద్దాలు తడిసేవి, లోపల ఉక్కగా ఉండేది. గాలి రంధ్రాలున్నవి హాయిగా ఉంటాయి కానీ కరెంటు దగ్గర వద్దు. నా రౌండ్లలో ప్యానెల్ రూములు కూడా ఉంటాయి కాబట్టి రంధ్రాలు లేనిదే తీసుకుంటాను. ఆన్సీలో క్లాస్ జీ హెల్మెట్‌ని 2,200 వోల్టులకి, క్లాస్ ఈని 20,000 వోల్టులకి పరీక్షిస్తారు. క్లాస్ సీకి ఆ రక్షణ లేదు. ఏ ప్రమాణమూ డొప్ప మీద అచ్చు పడని హెల్మెట్‌ని, భారత ప్రమాణం ఐఎస్ 2925 అయినా సరే, ఈఎన్ అయినా సరే, గేటు లోపలికే రానివ్వకండి.

ఇక సంరక్షణ. గోరువెచ్చని నీళ్లు, తక్కువ ఘాటున్న సబ్బు, మెత్తటి గుడ్డ, అంతే. సున్నం, పెయింటు మరకలు పోవాలని థిన్నర్‌తోనో పెట్రోలుతోనో తుడిస్తే ప్లాస్టిక్ లోపల్లోపలే దెబ్బ తింటుంది, పైకి మాత్రం కొత్తదానిలా మెరుస్తుంది. రంగు వేయడం, లైటు కోసం రంధ్రం పెట్టడం కూడా అంతే. నాబ్‌కి శత్రువు సిమెంటు దుమ్ము. లోపలి చక్రం పళ్ల మధ్య చేరి, చెమట తగిలి గట్టిపడితే, నాబ్ మొదట బిగుసుకుంటుంది, తర్వాత జారడం మొదలుపెడుతుంది. మెత్తటి బ్రష్‌తో కడిగి నీడన ఆరబెడితే చాలు, నూనె వేయకండి, దుమ్ము ఇంకా పడుతుంది. నుదుటి దగ్గరి చెమట పట్టీ ఒకటి స్పేర్‌గా ఉంచుకోండి. రాత్రిపూట హెల్మెట్‌ని కారు వెనక అద్దం దగ్గర వదిలేస్తే మర్నాడు ఎండంతా దాని మీదే.

అంచు కింద గడియారంలా ఉండే చిన్న ముద్రలో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. చాలా కంపెనీలు లోపలి పట్టీలు ఏడాదికోసారి, డొప్ప ఐదేళ్లకోసారి మార్చమంటాయి. కొందరు తయారీ తేదీ నుంచి, కొందరు వాడటం మొదలుపెట్టిన రోజు నుంచి లెక్కిస్తారు, కాగితం చదివి రిజిస్టర్‌లో రాసుకోండి. ఎండలో ఎక్కువగా ఉండే సైట్లలో నేను అంతకాలం ఆగను. మెరుపు తగ్గి, వేలితో రుద్దితే సున్నంలాంటి పొడి వస్తోందంటే దాని పని అయిపోయినట్టే. రెండు చేతులతో పక్కల నుంచి మెల్లగా నొక్కండి. వదలగానే మునుపటి ఆకారానికి రావాలి, చిటచిటమని చప్పుడు రాకూడదు.

ఒకసారి పరంజా మీంచి క్లాంప్ జారి మా పనివాడి హెల్మెట్ మీద పడింది. మనిషికి ఏమీ కాలేదు. పైన చూస్తే గీత కూడా లేదు, "బాగానే ఉంది కదా సార్" అని మళ్లీ పెట్టుకోబోయాడు. తీసుకుని లోపల చూశాను. పట్టీ డొప్పకి తగులుకునే చోట ప్లాస్టిక్ గోరంత మేర తెల్లగా పాలిపోయి ఉంది. అది సాగి వచ్చే తెలుపు, ఇంకో దెబ్బకి విరిగేది అక్కడే. ఎవరూ మళ్లీ ఏరుకుని వాడకుండా పట్టీలు కోసేసి పారేయించాను. అలాంటి మచ్చ లేకపోయినా గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ని మార్చేయాల్సిందే.

ఒక కంపెనీ హెల్మెట్ నాకు అన్ని విధాలా నచ్చినా వదిలేశాను. విడి పట్టీలు ఎప్పుడు అడిగినా లేవనేవారు. వేరే కంపెనీ పట్టీలు సరిపోయినట్టు కనిపించినా బిగించకూడదు, ఆ జతని ఎవరూ పరీక్షించలేదు. కాబట్టి కొనే రోజునే విడి పట్టీలు, చెమట పట్టీలు దొరుకుతాయా అని అడగండి. మీ సైట్లో బ్రేకర్, గ్రైండింగ్ పని ఎక్కువైతే చెవి మఫ్‌లు, ఫేస్ షీల్డ్ తగిలించుకునే స్లాట్లు ఉన్నదే తీసుకోండి, అవి కూడా అదే కంపెనీవి.